వృత్తి నిర్ణయము: వైద్య సేవయా? వర్తకమా?

(విద్యార్థి పాఠము)

పూర్వము మనుజుని వృత్తిని నిర్ణయించునది పుట్టుక. కుమ్మరి కుమారుడు సారె చెంతకును, వర్తకుని కుమారుడు త్రాసు చెంతకును ఎవరును చెప్పకయే చేరుచుండెడివారు. అందు సంశయమునకు చోటు లేదు. స్వేచ్ఛకును చోటు లేదు. నేటి విద్యార్థికి స్వేచ్ఛ లభించినది. దాని వెంటనే సంశయమును వచ్చినది. లోకానుభవ మింకను కలుగని పదునెనిమిదేండ్ల ప్రాయమున, నలుబదేండ్లు చేయవలసిన పనిని ఎన్నుకొనవలసి వచ్చుచున్నది. అట్టి సంశయములలో మన కుటుంబములందు తరచుగా వినవచ్చునది ఒకటి కలదు: ఆరోగ్య రంగమునకు పోవలెనా, వ్యాపారమున ప్రవేశింపవలెనా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పువారు పెక్కుమంది. ప్రశ్నను విడదీసి చూచువారు కొలదిమంది. విడదీసి చూచుటయే ఈ పాఠముయొక్క ప్రయోజనము.

సంశయ స్వరూపము

ఉదాహరణమునకు జహీరాబాదు ప్రాంతమున కిరాణా దుకాణము నడుపుకొను ఒక కుటుంబమును తీసికొనవచ్చును. ఆ యింటి కుమార్తె ఇంటరులో బైపీసీ చదివినది. నీట్ పరీక్ష రెండుసార్లు వ్రాసి అర్హత పొందినది గాని, కన్వీనరు కోటాలో ఎం.బి.బి.ఎస్. సీటునకు చాలిన ర్యాంకు రాలేదు. ప్రస్తుతము డిగ్రీ కళాశాలలో బి.యస్సీ. మొదటి సంవత్సరము చదువుచున్నది. సాయంకాలము ఇంటికి వచ్చిన పిమ్మట గల్లాపెట్టె లెక్కయు, అరువు ఖాతాల పద్దులును, జి.ఎస్.టి. కాగితములును సరిచూచునది ఆమెయే.

ఆ యింట నాయనమ్మకు మూత్రపిండములు చెడి, రెండేండ్లు వారమునకు మూడుమారులు డయాలిసిస్ జరిగినది. తోడుగా పోయినది ఈ బాలికయే. ఆ గదిలో గడచిన గంటలలోనే ఆరోగ్య రంగమున పనిచేయవలెనను కోరిక ఆమెకు కలిగినది.

తండ్రి యనును: “అమ్మా, మూడెకరముల పొలము ఉన్నది. పోయిన పోనిమ్ము. మేనేజిమెంటు కోటాలో చేరుము. ఇంటిలో ఒక డాక్టరు ఉండవలెను.”

బేగంబజారులో టోకు వ్యాపారము చేయు మేనమామ యనును: “బావగారూ, అమ్మాయి పద్దు వ్రాసిన తిరిగి చూడ నక్కరలేదు. బి.బి.ఏ. చదివింపుడు. దుకాణమును రెండింతలు చేయగలదు. చేతిలోని విద్యను విడిచి చేతికందని దానికై పొలము అమ్ముట ఏల?”

ఇరువురును ఆమె మేలు కోరువారే. ఇరువురి మాటయందును న్యాయము కలదు. అందువలననే ఆమెకు నిదుర పట్టదు. ఆమె సంశయమును విడదీసి చూచినచో అందు నాలుగు చిక్కులు కనబడును. ఒకటి: వైద్యము పుణ్యకార్యమును, వ్యాపారము స్వార్థమునా? రెండు: తాను కోరుచున్నది ఆ పనినా, ఆ పనికి లోకమిచ్చు గౌరవమునా? మూడు: డాక్టరు కాలేనిచో ఆరోగ్య రంగమున చోటు లేదా? అందుకై పొలము పోవుట న్యాయమా? నాలుగు: లెక్కల తెలివి వ్యర్థమై పోదా? వీనిని క్రమముగా పరిశీలింపవలెను.

మొదటి చిక్కు: పుణ్యమైన వృత్తి, పాపమైన వృత్తి

వైద్యము సేవ యనియు, వర్తకము స్వార్థమనియు తలచుట లోకమున సహజము. ఈ తలంపు సరియైనది కాదని శరణుల జీవితములు తెలుపుచున్నవి. 12వ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు చేసిన పని యేమి? ఖజానా లెక్కలు చూచు పని. కరణముగా ప్రారంభించి భాండాగారి పదవి వరకు ఎదిగెను. ధనమును లెక్కించుట ఆయనకు కాయకమే గాని కళంకము కాలేదు. ఆ శరణ సమూహముననే వైద్య సంగణ్ణ రోగులకు చికిత్స చేయుచుండెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. వారిలో వైద్యునకు ఎత్తైన పీటయు, పడవవానికి నేలయు వేయలేదు.

అయినచో కాయకమునకు కొలత ఏది? ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఆ కొలతను చూపును. నేల రాలిన బియ్యపు గింజలు ఏరుకొని, వానితో జంగములకు అన్నము పెట్టుట వారి నియమము. ఒకనాడు మారయ్య అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మన పాలికి మించినది మనది కాదు, వెంటనే అక్కడనే పోసి రమ్మనెను. ఈ కథనుండి మూడు లక్షణములు తెలియుచున్నవి. పని స్వంత శ్రమతో జరుగవలెను. ఆర్జన న్యాయమైనదై యుండవలెను. దాని ఫలము ఇతరులకును చేరవలెను, అదియే దాసోహము.

ఈ మూడు కొలతలతో చూచినచో, అక్కరలేని పరీక్షలు వ్రాసి రోగి సొమ్మును తీసికొను వైద్యుడు కాయకమునుండి జారినవాడు. కల్తీ లేని పప్పును సరియైన తూకముతో అమ్ము వర్తకుడు, వీధిలోని పది యిండ్ల ఆరోగ్యమును కాపాడినవాడు. కావున వృత్తి పేరునుబట్టి పుణ్యపాపములు నిర్ణయింపరాదు. వ్యాపారమున చేరినచో తాను స్వార్థపరురాలనగుదునేమో యని ఆ బాలిక భయపడ నక్కరలేదు. వైద్య రంగమున చేరినంత మాత్రమున పవిత్రురాలనైతినని తృప్తిపడుటకును వీలులేదు.

రెండవ చిక్కు: తెల్లకోటా, పనియా?

వృత్తిని కోరుట వేరు. వృత్తి తెచ్చు గౌరవమును కోరుట వేరు. ఈ భేదము తెలియవలెననినచో పనిని దగ్గరగా చూడవలెను. ఈ విషయమున ఆ బాలిక అదృష్టవంతురాలు. డయాలిసిస్ గదిలో ఆమె పనిని చూచినది. రోగిని ముందుగా తూచుదురు. రెండు డయాలిసిస్‌ల నడుమ ఒంటిలో ఎంత నీరు చేరినదో ఆ తూకమే చెప్పును. రక్తపు గొట్టములను కలిపి యంత్రమును నడుపుదురు. రక్తము జల్లెడవంటి సాధనముగుండా పోయి శుద్ధమై తిరిగి వచ్చుటకు సుమారు నాలుగు గంటలు పట్టును. ఆ సమయమున రక్తపు పోటు ఎప్పుడైనను పడిపోవచ్చును. ఒకనాడు నాయనమ్మకు చెమట పట్టి మాట తడబడినప్పుడు, మంచము తలవైపు దించి, యంత్రపు వేగమును తగ్గించి, ఆమెను నిలిపినది ఒక నర్సు, ఒక టెక్నీషియను. డాక్టరు వచ్చుసరికి నాయనమ్మ కన్నులు తెరచి నీరు అడుగుచుండెను.

ఆ గదిలో ఆమె చూచినది ఇదియే కాదు. మలమూత్రములు ఎత్తుట చూచినది. రాత్రి విధులతో ఎఱ్ఱబారిన కన్నులు చూచినది. తమ దుఃఖమును ఎవరిపై చూపవలెనో తెలియని బంధువులు నర్సుపై కేకలు వేయుట చూచినది. ఇంత చేసినను కొందరు రోగులు దక్కరు, నాయనమ్మయు దక్కలేదు. ఇవి యన్నియు చూచిన పిమ్మటను ఆ గదికి తిరిగి పోవలెనని మనసు కోరినచో, అది గౌరవముపై కోరిక కాదు, పనిపై కోరికయే.

వ్యాపారమునకును ఇదే పరీక్ష. లాభము వచ్చిన దినమున దుకాణము అందరికిని ఇంపుగానే ఉండును. అరువు తీసికొనిన పొరుగువాడు మొగము చాటువేయునపుడు, కొన్న సరకు ధర పడిపోయినపుడు, ఇంటికే సరుకులు తెచ్చియిచ్చు పెద్ద సంస్థలు వీధిలోని ఖాతాదారులను లాగుకొనునపుడు దుకాణములో కూర్చుండి చూడవలెను. పరీక్షలో ఓడినవారు తల దాచుకొనుటకు వ్యాపారము ధర్మసత్రము కాదు. వర్తకమునకు సంబంధించిన ఉన్నత విద్యయు సులభము కాదు. 1949 నాటి శాసనముచే ఏర్పడిన చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ తన శిక్షణా కాలమును 2023లో తెచ్చిన క్రొత్త విధానమున మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గించినది. అయినను ఆ పరీక్షల కాఠిన్యము పేరు మోసినదే.

మూడవ చిక్కు: పొలము

మన కుటుంబములలో ఆరోగ్య రంగమనగా డాక్టరు, డాక్టరనగా ఎం.బి.బి.ఎస్. అను భావము స్థిరపడినది. ఆ చదువునకు నాలుగున్నర సంవత్సరములును, నిర్బంధ ఇంటర్న్‌షిప్ ఒక సంవత్సరమును, మొత్తము అయిదున్నర సంవత్సరములు పట్టును. ఎం.డి. లేక ఎం.ఎస్. చేయవలెనన్న మరి మూడేండ్లు. అనగా ఎనిమిదిన్నర సంవత్సరములు, నడుమ పి.జి. ప్రవేశ పరీక్షకై వేచియుండు కాలము దీనికి అదనము.

అయితే ఆసుపత్రి యనునది డాక్టరు ఒక్కనిచే నడచునది కాదు. బి.యస్సీ. నర్సింగు నాలుగేండ్ల చదువు. దేశస్థాయి నర్సింగు నియంత్రణ సంస్థ దానికి ప్రమాణములను నిర్ణయించును. బి.ఫార్మసీ నాలుగేండ్లు, ఫార్మ్.డి. ఆరేండ్లు, వీనికి 1948 నాటి ఫార్మసీ చట్టము ఆధారము. ప్రయోగశాల పరీక్షలు, ఎక్స్‌రే, డయాలిసిస్, ఫిజియోథెరపీ, నేత్ర పరీక్ష, ఆహార శాస్త్రము మున్నగు వృత్తులకు 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి, వానిని పది వర్గములుగా విభజించినది. అందు ఆరోగ్య సమాచార నిర్వహణ అను వర్గమును కలదు. ఇట్టి కోర్సులలో చేరువారు ముందుగా చూడవలసినది కళాశాల భవనమును కాదు, గుర్తింపు పత్రమును. సంబంధిత మండలి అనుమతియు, తెలంగాణమున వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయము, ఆంధ్రప్రదేశమున విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము వంటి విశ్వవిద్యాలయముల అనుబంధమును ఉన్నదో లేదో స్వయముగా తెలిసికొనవలెను. గుర్తింపు లేని చదువు చదివినవారికి రిజిస్ట్రేషను దొరకదు. పోయిన ఏండ్లు తిరిగి రావు.

ఇక పొలము మాట. ఈ విషయమును కన్నీటితో గాక కాగితముపై ఆలోచింపవలెను. వర్తకుని యింట పుట్టిన బాలికకు ఈ లెక్క కష్టము కాదు. పొలము అమ్మిన సొమ్ము అన్ని సంవత్సరముల ఫీజులకును చాలక, తండ్రి పది లక్షల రూపాయలు బయట అప్పు తెచ్చెననుకొనవలెను. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. నెలకు ఇరువదివేలు, సంవత్సరమునకు రెండు లక్షల నలుబదివేలు, అయిదున్నర సంవత్సరములకు పదమూడు లక్షల ఇరువదివేలు. చక్రవడ్డీ లేకున్నను మిత్తి అసలును మించిపోయినది. బ్యాంకు విద్యారుణము ఇంతకంటె మేలు. చదువు కాలమున వాయిదాలు సాధారణముగా కట్టనక్కరలేదు. కాని ఆ కాలమునను వడ్డీ నిలువదు, పెరుగుచునే యుండును.

ఈ లెక్కలో ధనము కంటె పెద్ద విషయము ఒకటి దాగియున్నది. అంత అప్పుతో వృత్తిలో ప్రవేశించిన మనుష్యుడు రోగిని చూచునపుడు, రోగి వెనుక తన వాయిదా కనబడుచుండును. మంచివాడైనను ఆ బరువు అతనిని వంచును. లక్కమ్మ వలె ‘ఇది మన పాలికి మించినది’ అని చెప్పగల శక్తి అప్పులో మునిగినవానికి అరుదు. దీనినిబట్టి మేనేజిమెంటు కోటాలో చదివినవారందరును ధర్మము తప్పుదురని కాదు. స్తోమత గల కుటుంబమునకు అది బరువు కాకపోవచ్చును. బ్రదుకుతెరువైన పొలమును పణముగా పెట్టు కుటుంబము మాత్రము, ఆ చదువు ముగియు దినము వరకే గాక, ఆ పిమ్మటి పదేండ్ల వరకు లెక్క వేసికొనవలెను.

నాలుగవ చిక్కు: లెక్కల తెలివి ఏమగును?

వైద్యమును వ్యాపార విద్యయు ఒకదానికొకటి శత్రువులు కావని చూపుటకు మూడు దృష్టాంతములు కలవు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బాల్యమున ధనార్జన కోరి ఇల్లు విడిచెననియు, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొన తలచెననియు, తల్లి వెనుకకు తెచ్చి చదివించెననియు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. ఆ బాలుడే వైద్యము చదివి, అమెరికాకు పోయి, 1940 నుండి లెడర్లీ అను ఔషధ కంపెనీలో పరిశోధన సాగించెను. ఫోలిక్ ఆమ్లము తయారీకిని, బోదకాలు, క్యాన్సరు వ్యాధులపై ప్రయోగించు మందులకును ఆయన బృందము కృషియే మూలము. 1948లో ఆయన మరణించెను. కనుగొనిన మందు రోగి చేతికి చేరుటకు కర్మాగారము, ధనము, పంపిణీ కావలెను. అవి వర్తక విద్యకు చెందినవి.

డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను కంటి శస్త్రచికిత్స నేర్చి, ఉద్యోగ విరమణానంతరము 1976లో మదురైలో పదునొకండు మంచములతో అరవింద నేత్ర చికిత్సాలయమును స్థాపించెను. ఇవ్వగలవారు ఇచ్చు రుసుముతో ఇవ్వలేనివారికి ఉచిత చికిత్స జరుగునట్లు ఆయన లెక్క కట్టెను. సర్జను సమయము విలువైనదని యెంచి, మిగిలిన సిద్ధపాటు అంతయు శిక్షణ పొందిన గ్రామీణ బాలికల చేతికి అప్పగించెను. విదేశముల నుండి వచ్చు కృత్రిమ కటకముల ధర ఎక్కువగా నుండుటచే, వానిని ఇక్కడనే తయారు చేయుటకు 1992లో ఆ సంస్థ ఆరోల్యాబ్‌ను నెలకొల్పినది. ఖర్చు తగ్గించుట, సమయము వ్యర్థము కాకుండ చూచుట, నాణ్యత తప్పకుండుట: ఇవి దుకాణదారునికి తెలిసిన మూడు సూత్రములే.

హైదరాబాదున 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన నేత్ర వైద్య సంస్థకు చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదు కుటుంబము భూమిని, ధనమును ఇచ్చినది. ఒకరి ఆర్జన, మరియొకరి విద్య కలిసి లక్షల మందికి చూపు నిచ్చినవి. ఆర్జించినవాని దాసోహమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

కావున ఆసుపత్రిలో లెక్కల తెలివి వ్యర్థము కాదు. మందుల నిల్వ చూచుట, గడువు తేదీలు గుర్తించుట, మోతాదు గణించుట, రికార్డులు తప్పు లేకుండ వ్రాయుట ప్రతిదిన కృత్యములు. పద్దులో ఒక సున్న తప్పిన దుకాణమునకు నష్టము. మోతాదులో ఒక సున్న తప్పిన ప్రాణమునకే నష్టము. కొంత అనుభవము వచ్చిన పిమ్మట ఆసుపత్రి నిర్వహణ శాస్త్రమును చదువుటకును మార్గము తెరచియే యున్నది.

నిర్ణయ విధానము

సంశయము మనసులో తిరుగుచున్నంతకాలము పెరుగును. కాగితముపైకి వచ్చినచో తరుగును. విద్యార్థి ఒక కాగితమును రెండు భాగములు చేసి, రెండు వృత్తులకును ఈ అయిదు ప్రశ్నలు వేసికొనవలెను. ఒకటి, శరీరము: రాత్రి విధులను, దీర్ఘకాలపు నిలువుకాళ్ల పనిని తాళగలనా? రెండు, మనసు: ఈ వృత్తిలోని మిక్కిలి చెడ్డ దినమును భరింపగలనా? మూడు, ధనము: ఎవరి సొమ్ము, ఎంత, ఎన్నాళ్లకు తిరిగి వచ్చును? నాలుగు, కుటుంబము: నా నిర్ణయముచే ఇంటిలో ఎవరికి బరువు, ఎవరికి ఊరట? అయిదు, మరలుబాటు: రెండేండ్ల పిమ్మట ఇది తగదని తోచినచో మరియొక దారికి పోగలనా?

సమాధానములు ఊహించి వ్రాయరాదు. ఆ వృత్తిలో నిన్న చేరినవారిని ఒకరిని, పదేండ్లుగా ఉన్నవారిని ఒకరిని, విడిచిపోయినవారిని ఒకరిని అడుగవలెను. విడిచిపోయినవారు చెప్పునది ప్రత్యేకముగా వినవలెను.

ఉదాహరణములోని బాలిక ఇట్లే చేసినది. మూడవ ప్రశ్నకు సమాధానము వ్రాసినపుడు ఎం.బి.బి.ఎస్. గడి యెదుట కలము నిలిచిపోయినది. రెండవ ప్రశ్నకు దుకాణపు గడియందు ‘భరింపగలను’ అనియు, నర్సింగు గడియందు ‘భరించితిని’ అనియు వ్రాసినది. ఆ రెండు మాటల నడుమ భేదమే ఆమెకు దారి చూపినది.

తండ్రికి మొదట మనసొప్పలేదు. “డాక్టరు కావలెనని చదివించితిని. నర్సు పనికా అమ్మా?” యని అడిగెను. ఆమె వాదింపలేదు. “నాన్నా, ఆనాడు నాయనమ్మ పోటు పడిపోయినపుడు ఎవరి చేయి పట్టుకొన్నదో మీరును చూచితిరి గదా” యనెను. తండ్రి సమాధానము చెప్పక దుకాణమునకు పోయెను. రెండు దినముల పిమ్మట పొలము పాసుపుస్తకమును తిరిగి బీరువాలో పెట్టి, నర్సింగు కళాశాల గుర్తింపు సంగతి కనుగొనుటకు తానే బయలుదేరెను. ఒక సంవత్సరము వెనుకబడితినను చింత ఆమెకు ఉండవచ్చును గాని, నలుబదేండ్ల వృత్తిలో ఒక సంవత్సరము పెద్ద నష్టము కాదు.

ఇది ఆమె సమాధానము. మరియొక విద్యార్థి ఇదే విధానమున ఆలోచించి దుకాణమునే ఎన్నుకొనవచ్చును. వేరొకరు మూడవసారి నీట్ వ్రాయ నిశ్చయింపవచ్చును. నిర్ణయములు వేరైనను దోషము లేదు. ఎన్నుకొనిన పనిని తూకము తప్పక చేయుటయే కాయకము.

విచారణకు ప్రశ్నలు

1. వృత్తి పేరునుబట్టి గాక కాయక లక్షణములనుబట్టి వృత్తిని ఎట్లు పరీక్షింపవలెను?

2. లక్కమ్మ కథలోని నీతి నేటి వైద్యునికిని, వర్తకునికిని ఎట్లు వర్తించును? ఒక్కొక్క ఉదాహరణము నిమ్ము.

3. అయిదు లక్షల రూపాయల అప్పునకు నూటికి నెలకు రూపాయిన్నర మిత్తి చొప్పున నాలుగేండ్లకు ఎంత వడ్డీ యగును? ఈ లెక్కను ఇంటి పెద్దలతో కూర్చుండి చేయుము.

4. నీ ఊరి ఆసుపత్రిలో డాక్టరు కాక ఎన్ని రకముల వృత్తులవారు పనిచేయుచున్నారో చూచి, ప్రతి వృత్తికిని కావలసిన చదువును తెలిసికొని వ్రాయుము.